పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ చదువు: రాతలో వచ్చిన మార్పు గురించి వ్యాసం ఎలా రాయాలి?

మళ్ళీబడి, గుంటూరు

డిగ్రీ అయిపోయి పదిహేనేళ్ళు దాటింది. మధ్యలో అంతా ఆఫీసు రాతే: ఉత్తరాలు, నోట్‌ఫైళ్ళు, నెలవారీ నివేదికలు. ఇప్పుడు దూరవిద్యలో ఎమ్మే తెలుగు చదువుతున్నాను. ఒక అసైన్‌మెంటు ఇలా ఉంది: "రాసే మనిషిగా మీలో వచ్చిన మార్పును పరిశీలించి వ్యాసం రాయండి. 1500 పదాలు మించకూడదు. పాత, కొత్త రాతల నమూనాలు జతచేయాలి." చేతిరాతతోనే ఇవ్వాలట.

నా దగ్గర డిగ్రీ నాటి నోటుపుస్తకాలు రెండు, ఆఫీసు ఉత్తరాల నకళ్ళు, అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్ళు కొన్ని, ఈ ఏడాది అసైన్‌మెంట్లు ఉన్నాయి. సందేహాలు ఇవీ. "ముందుకంటే బాగా రాస్తున్నాను" అంటే దిద్దేవాళ్ళు ఎందుకు నమ్మాలి? పాతవాటిలో ఏది తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి? ఆఫీసు రాత లెక్కలోకి వస్తుందా? చదువు ఎందుకు ఆగిందో రాయాలా, అక్కర్లేదా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ప్రూఫుల బల్ల, విజయవాడ

మేడమ్, ఎదుగుదల గురించి మీరు ఎంత చెప్పినా దిద్దేవాళ్ళకి అది మాటే. పాత పేరా, కొత్త పేరా పక్కపక్కన పెడితే వాళ్ళే చూసుకుంటారు. కాబట్టి వ్యాసం మొదలుపెట్టక ముందే నమూనాల పని అయిపోవాలి. చాలామంది ముందు వ్యాసం రాసేసి, తర్వాత దానికి సరిపోయే నమూనాలు వెతుకుతారు. అందుకే వాళ్ళ వ్యాసం ఒకటి చెబుతుంది, జతచేసిన కాగితం ఇంకోటి చెబుతుంది.

పాత నోటుపుస్తకంలోంచి ఒక్క వ్యాసం తీసుకోండి. అన్నిటికంటే బాగున్నదీ వద్దు, చూస్తే నవ్వొచ్చేదీ వద్దు. దాంట్లో మొదటి పేరా వదిలేయండి. పరీక్షల కోసం రాసిన వ్యాసాల్లో మొదటి పేరా తరచుగా గైడులోంచి బట్టీపట్టిందే అయివుంటుంది. రెండో పేరా నుంచి 150–200 పదాలు, తప్పులతో సహా, ఉన్నదున్నట్టు ఎత్తి రాయండి. తర్వాత నోటుపుస్తకం మూసేసి, అదే విషయం మీద ఇవాళ కొత్తగా రాయండి. నలభై నిమిషాలు పెట్టుకోండి, ఫోను పక్కన పెట్టేయండి. విషయం ఒకటే కాకపోతే పోలిక చెడిపోతుంది. అప్పుడు దీపావళి మీద, ఇప్పుడు ప్రబంధాల మీద రాస్తే తేడా రాతలో వచ్చిందో విషయం వల్ల వచ్చిందో తేలదు.

రెండు కాగితాలూ చేతికి వచ్చాక మూడుసార్లు చదవాలి, ఒక్కోసారి ఒక్కో రంగు పెన్నుతో. అన్నీ ఒకేసారి చూద్దామని కూర్చుంటే అక్షరదోషాలే కంటికి కనిపిస్తాయి, మిగతావి జారిపోతాయి.

మొదటిసారి అక్షరాల కోసం. చివరి వాక్యం నుంచి మొదలుపెట్టి వాక్యం వాక్యం వెనక్కి రండి. ముందునుంచి చదివితే అర్థం కంటిని లాక్కుపోతుంది, తప్పు ఒప్పులాగే కనిపిస్తుంది. ముఖ్యంగా చూడాల్సినవి: "అర్థం" రాయాల్సిన చోట "అర్ధం" (రెండూ ఉన్న మాటలే కాబట్టి కంప్యూటరు కూడా పట్టుకోదు), "ప్రశంస"లో శ–స తారుమారు కావడం, నామవాచకంగా "సంప్రదాయం" ఉండాల్సిన చోట "సాంప్రదాయం", "నైపుణ్యం" చాలిన చోట "నైపుణ్యత". "వెళ్ళు", "వెళ్లు" రెండూ చెల్లుతాయి. కానీ ఒకే పేజీలో రెండూ ఉంటే అది తప్పే.

రెండోసారి వాక్యాల కోసం. ప్రతి సమాపక క్రియ కింద రెండు గీతలు, ప్రతి అసమాపక క్రియ కింద ఒక గీత గీయండి. "వెళ్ళి", "చూసి", "చేస్తూ", "వస్తే" లాంటివి ఒక గీత. "వెళ్ళాడు", "కనిపించింది" రెండు గీతలు. తర్వాత లెక్కపెట్టండి. ఒక సమాపక క్రియకు నాలుగైదు అసమాపక క్రియలు వేలాడుతుంటే ఆ వాక్యం దగ్గర ఆగి, అన్నిటికీ కర్త ఒకరేనా అని చూడండి. "వానలు కురిసి పంటలు పండాయి" అనొచ్చు, ఒకటి రెండోదానికి కారణం కాబట్టి తెలుగు దాన్ని ఒప్పుకుంటుంది. "అధికారి ఫైలు చూసి సంతకం లేదు" అంటే మాత్రం చూసిందెవరో, లేనిదేదో కలవక వాక్యం విరిగిపోయింది. పాత నోటుపుస్తకాల్లో ఇలాంటివి బోలెడు దొరుకుతాయి.

మూడోసారి సమాచారం కోసం. ఒక్కో వాక్యాన్ని వేలితో మూసి మిగతా పేరా చదవండి. ఏమీ పోలేదనిపిస్తే ఆ వాక్యం పక్కన సున్నా చుట్టండి. విద్యార్థుల పాత వ్యాసాల్లో ఎక్కువగా కనబడే రకం ఇది:

"ప్రకాశం బ్యారేజీ విజయవాడ యొక్క ఔన్నత్యాన్ని చాటి చెప్పే మహత్తరమైన కట్టడం. ఇది ఎందరికో ఎంతగానో ఉపయోగపడుచున్నది. దీనిని చూడడానికి ఎక్కడెక్కడి నుండో ప్రజలు తరలి వస్తుంటారు."

మూడు వాక్యాలకూ మూడు సున్నాలు. పేర్లు మార్చి ధవళేశ్వరం, రాజమండ్రి అని పెట్టినా మిగతాదాంట్లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అదే విషయం ఇలా ఉంటే:

"1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట దాదాపు నూరేళ్ళు పనిచేసింది. దాని స్థానంలో 70 గేట్లతో వచ్చిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. బ్యారేజీ దగ్గర మొదలయ్యే ఏలూరు, రైవస్, బందరు కాలువలు బెజవాడ ఊళ్ళోంచే పోతాయి. అందుకే ఈ ఊళ్ళో దారి చెప్పాలంటే ఏదో ఒక కాలువ వంతెన దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది."

ఇందులో ఏ వాక్యం తీసేసినా ఏదో ఒకటి పోతుంది. మీ వ్యాసంలో రాయాల్సింది ఈ తేడానే: విశేషణం ఉన్న చోటికి సంవత్సరం, పేరు, కారణం ఎలా వచ్చాయి, వాటికోసం ఏం చదవాల్సి వచ్చింది.

పదాలు లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పాత రాతలో "చేయ వలసి యున్నది" అని విడదీసి ఉంటే మూడు పదాలు, కొత్త రాతలో "చేయాల్సి ఉంది" రెండు. "ఎందుకు అంటే" రెండు, "ఎందుకంటే" ఒకటి. విడదీసే పద్ధతి రెండు నమూనాల్లోనూ ఒకేలా ఉండేట్టు విడిగా ఒక ప్రతి రాసుకుని లెక్కపెట్టండి. లేకపోతే వాక్యాలు పొట్టివయ్యాయని మీరు మురిసిపోయేది ఖాళీల లెక్కే అవుతుంది.

చాక్‌పీసు, అరండల్‌పేట

ప్రూఫుల బల్ల గారు నమూనాల సంగతి బాగా చెప్పారు. వ్యాసం అమరిక గురించి నేను చెబుతాను. అమ్మా, ఇలాంటి అసైన్‌మెంట్లు కట్టలుగా దిద్దేవాళ్ళకి మొదటి పేజీలోనే విసుగొచ్చే రకాలు కొన్ని ఉన్నాయి. చిన్ననాడు అక్షరాలు దిద్దించిన దగ్గర మొదలుపెట్టి సంవత్సరాల వరసలో వచ్చేది ఒకటి. గురువులకు వందనాలతో పేజీ నింపేది ఇంకోటి. "భాష మహాసముద్రం, నేను ఒడ్డున ఉన్నాను" రకం ఉంది, అది అన్నిటికంటే ఎక్కువ. వీటిలో రాసిన మనిషి రాత ఎక్కడా కనిపించదు.

చదువు ఎందుకు ఆగిందనేది రెండు వాక్యాలు చాలు. అదీ రాత మీద దాని ప్రభావం ఉంటేనే. పెళ్ళి, బదిలీలు, ఇంట్లో అనారోగ్యాలు రాయడం మొదలుపెడితే అయిదారు వందల పదాలు అక్కడే ఖర్చవుతాయి. దిద్దేవాళ్ళకి జాలి కలగొచ్చేమో గానీ జాలికి మార్కుల గడి లేదు.

1500 పదాల్లో ఎన్ని మార్పులు చూపించాలి? రెండు. మూడోది పెట్టారంటే మూడూ పలచబడతాయి. ఒక్కోదానికి 400–450 పదాలు ఇవ్వండి. అందులో పాత వాక్యాలు, కొత్త వాక్యాలు, తేడా ఏమిటి, ఆ తేడా ఎలా వచ్చింది, ఇవన్నీ ఇమడాలి. ఇంకా తేరుకోని లోపం ఒకదానికి 300 పదాలు పెట్టండి. దాన్ని వినయం కోసం ఊరికే ఒప్పేసుకుంటే చాలదు, ఈ ఏడాది రాసిన అసైన్‌మెంటులోంచే ఉదాహరణ తీసి చూపించాలి. మిగిలింది ఎత్తుగడకీ, నమూనాలు ఎలా ఎంచుకున్నారో చెప్పడానికీ సరిపోతుంది. మధ్యరకం చేతిరాతలో గీతల కాగితానికి 130–150 పదాలు పడతాయి, అంటే పది పన్నెండు పేజీలు. నమూనాలు దీనికి అదనం. వాటిని 1500లో కలపాలో వద్దో మీ అధ్యయన కేంద్రంలో ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కువమంది చతికిలబడేది "ఎలా వచ్చింది" అన్న దగ్గర. "విస్తృత పఠనం వల్ల నా శైలి మెరుగుపడింది" అని రాసేస్తారు. ఏం చదివితే, రాతలో ఏ అలవాటు మారింది? "నోట్‌ఫైలులో మొదటి వాక్యంలోనే విషయం చెప్పాలి, పై అధికారి రెండో పేరా చదవడు. ఆ అలవాటు వల్ల ఇప్పుడు వ్యాసంలో కూడా పేరా మొదట్లోనే వాదన పెడుతున్నాను" అనండి. అప్పుడు కారణం పట్టుకోవడానికి దొరుకుతుంది.

అందుకే ఆఫీసు రాతని తప్పకుండా పెట్టండి. కాలేజీ నుంచి నేరుగా ఎమ్మేకి వచ్చిన పిల్లల దగ్గర లేనిది, మీ దగ్గర ఉన్నది అదే. అయితే దాన్ని మెట్టుగా చూపించొద్దు. ఆఫీసు రాత కొన్ని నేర్పుతుంది: ఒక ఉత్తరానికి ఒకే విషయం, తేదీ, సూచిక, జరిగిన వరస. కొన్ని పాడుచేస్తుంది కూడా. ఎవరు చేశారో చెప్పకుండా వాక్యం ముగించడం అక్కడే అలవాటవుతుంది. డిగ్రీ రాతలో ఉండి ఆఫీసు రాతలో పోయిందేమిటో కూడా వెతకండి. చాలామందికి పోలిక చెప్పే ధైర్యం, ప్రశ్న వేసే ధైర్యం పోతాయి. మార్పు ఎప్పుడూ పైకే వెళ్ళిందని చూపించే వ్యాసాన్ని దిద్దేవాళ్ళు నమ్మరు.

ఇంకొకటి, భాష కలగాపులగం. "చేయుచున్నది", "చేస్తున్నది", "చేస్తోంది" ఒకే పేజీలో మూడూ కనిపిస్తాయి. మొదటిది పాత పాఠ్యపుస్తకాలదీ ఆఫీసులదీ, మిగతా రెండూ వాడుకవి. గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29న భాషాదినోత్సవం జరుపుకుని, ఆ సభ నివేదికలో "నిర్వహించబడినది" అని రాసుకునే ఆఫీసులకి మన దగ్గర కొదవలేదు. మీ పాత, మధ్య, కొత్త నమూనాల్లో ఈ రూపాలకు మూడు గడులు గీసి సంఖ్యలు వేయండి. సగం పేజీ పట్టే పట్టిక, కానీ మాటలతో రెండు పేజీలు చెప్పలేనిది చెబుతుంది.

కాలువగట్టు, విజయవాడ

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పొట్టి వాక్యం అంటే ఎదుగుదల అనే అర్థం రాకుండా చూసుకోవాలి. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, విశేషణ వాక్యాలన్నీ నామవాచకానికి ముందే కూర్చుంటాయి. నిడివి వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. కర్తకీ క్రియకీ మధ్య దూరం పెరిగితేనే చదివేవాడు తికమకపడతాడు. ఉదాహరణకి కల్పించిన వాక్యం:

"కలెక్టరు నిన్న కురిసిన వానకు కృష్ణలంకలో మునిగిన ఇళ్ళలో వంట చేసుకునే వీలు లేనివారికి వెంటనే బియ్యం, నూనె పంపాలని అధికారులకు చెప్పారు."

కలెక్టరు మీదే వాన కురిసిందా అన్నట్టుంది. దీన్ని రెండుగా విరగ్గొట్టక్కర్లేదు. "నిన్న కురిసిన వానకు కృష్ణలంకలో మునిగిన ఇళ్ళలో వంట చేసుకునే వీలు లేనివారికి వెంటనే బియ్యం, నూనె పంపాలని కలెక్టరు అధికారులకు చెప్పారు." పదాలు అవే, సంఖ్య అదే. కర్త క్రియ దగ్గరికి జరిగింది, అంతే. కాబట్టి లెక్కలో ఇంకో గడి పెట్టుకోండి: కర్తకీ సమాపక క్రియకీ మధ్య ఎన్ని పదాలున్నాయి? ఎనిమిది దాటినవన్నీ ఒకసారి బయటికి చదవండి. మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే కర్తని జరిపి చూడండి.

ఇక "నైపుణ్యత", "ప్రాధాన్యత" సంగతి. వ్యాకరణం ప్రకారం అక్కడ "త" అదనమే, ఎమ్మే తెలుగులో దిద్దేవాళ్ళు గీత గీస్తారు కాబట్టి మానేయండి. కానీ దాన్ని వ్యాసంలో "నా ఎదుగుదల" కింద చూపించొద్దు. "ప్రాధాన్యత" రోజూ పేపర్లలో వస్తూనే ఉంది, చదివేవాడికి ఎక్కడా అడ్డం పడటం లేదు. అర్థం/అర్ధం అలా కాదు, అక్కడ తప్పు రాస్తే మాటే మారిపోతుంది. అక్షరదోషాలు తగ్గడం మంచిదే గానీ, ఒక పేజీ మొత్తం దానికే కేటాయించిన వ్యాసం రాసినవారు ఎదిగినట్టు కాదు, నిఘంటువు కొన్నట్టు ఉంటుంది.

గుంటూరు వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఇప్పటి పత్రికా భాష చాలావరకు కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటకి దగ్గరగా ఉంటుంది. అందువల్ల మన నోటి మాటకీ రాతకీ తేడా లేదనుకుంటాం. "అట్టా", "ఎట్టా", "ఇయ్యాల", "వత్తన్నాడు" ఇవన్నీ నోట్లో ఉండి, కాగితం మీదికి రాగానే మాయమవుతాయి. డిగ్రీ రోజుల్లో వీటిని తప్పుగా భావించి తీసేసి ఉంటారు. ఇప్పుడు ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీయాలి అనే ఎంపిక మీ చేతికి వచ్చిందా? సంభాషణలో ఉంచి, వివరణలో తీస్తున్నారా? ఇది పరిశీలిస్తే పక్కా మార్పు దొరుకుతుంది. పాత నమూనాలో సంభాషణ అసలు లేకపోతే, ఆ లేకపోవడమే రాయండి.

మళ్ళీబడి, గుంటూరు

చాలా థాంక్సండీ. ఒక ఆఫీసు ఉత్తరం ముక్క, దానికి నేను ఇప్పుడు చేసిన తిరగరాత పెడుతున్నాను. ఇది నమూనాగా పనికొస్తుందా?

పాతది: "తమరి కార్యాలయం యొక్క ఉత్తర్వుల ననుసరించి సదరు దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించడం జరిగినది మరియు అందు కొన్ని లోపములు గుర్తించబడినవి. కావున తగు చర్య నిమిత్తం తిరిగి పంపడమైనది."

కొత్తది: "మీ కార్యాలయ ఉత్తర్వుల ప్రకారం ఆ దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించాం. అందులో కొన్ని లోపాలు గుర్తించాం. కాబట్టి తగిన చర్య కోసం తిరిగి పంపుతున్నాం."

ప్రూఫుల బల్ల, విజయవాడ

పనికొస్తుంది, కానీ ఇప్పుడున్న రూపంలో ఇది సగం మార్పే. "జరిగినది", "గుర్తించబడినవి", "పంపడమైనది" మూడూ పోయి "పరిశీలించాం", "గుర్తించాం", "పంపుతున్నాం" వచ్చాయి. చేసిందెవరో తెలిసింది. ఇంతవరకు భాష మారింది. సమాచారం మాత్రం కదల్లేదు. "కొన్ని లోపాలు" అప్పుడూ కొన్నే, ఇప్పుడూ కొన్నే. "తగిన చర్య" ఏమిటో అందుకున్నవాడికి ఇప్పటికీ తెలియదు. "క్షుణ్ణంగా" వేలితో మూసి చదవండి, ఏమీ పోదు. ఇలా చూడండి:

"మీ ఉత్తర్వు ప్రకారం దరఖాస్తు పరిశీలించాం. రెండు లోపాలు కనిపించాయి: మూడో పేజీలో దరఖాస్తుదారు సంతకం లేదు, సర్వే నంబరు పట్టాలో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి ఉంది. సంతకం పెట్టించి, సరైన సర్వే నంబరుతో పది రోజుల్లో తిరిగి పంపండి."

లోపాలు నేను ఊహించి వేశాను, మీ ఫైలులో ఉన్నవి వేసుకోండి. ఇప్పుడు మీ దగ్గర మూడు మెట్లు ఉన్నాయి: పాత ఉత్తరం, భాష మాత్రమే మారిన ప్రతి, విషయం కూడా మారిన ప్రతి. మూడూ వ్యాసంలో పెట్టండి. రెండో ప్రతిని దాచేస్తే, వాడుక భాషలోకి మార్చడంతో పని అయిపోదనే ముఖ్యమైన సంగతి చెప్పే అవకాశం పోతుంది. కానీ ఆ మూడో ప్రతి ఎవరి సలహాతో వచ్చిందో ఒక వాక్యంలో రాయండి. దిద్దుబాటు ఇంకొకరిదై, గ్రహింపు మీదైతే అది కూడా ఎదుగుదలే. దిద్దుబాటు కూడా మీదే అన్నట్టు రాస్తే, మీ పక్క పేరాలు దాన్ని పట్టిస్తాయి.

ఆఫీసు కాగితం జతచేసేటప్పుడు దరఖాస్తుదారు పేరు, ఫైలు నంబరు, ఊరు, సర్వే నంబరు నల్లగా కొట్టేయకండి. వెలుతురుకి పెడితే కనిపిస్తాయి. ఆ భాగాలు లేకుండా చేత్తో ఎత్తి రాసి, "వివరాలు తొలగించాను" అని కింద రాయండి.

డీటీపీ డెస్కు, గవర్నర్‌పేట

అను ఫైళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. అవి యూనికోడ్‌లో ఉండవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, ఫైలు పాడైందనుకుని పారేయొద్దు. అసలు ఫైలుని ముట్టుకోకుండా ఒక నకలు తీసి, ఫాంటు ఉన్న డీటీపీ సెంటర్లో ముందు ప్రింటు తీయించుకోండి. మీకు కావాల్సింది చేత్తో ఎత్తి రాసుకోవడమే కాబట్టి ప్రింటు చాలు.

లెక్కల కోసం యూనికోడ్‌లోకి మార్పించుకుంటే మాత్రం ప్రింటు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. మార్పిడిలో వత్తులు తప్పుతాయి, ర వత్తు పక్క అక్షరానికి పోతుంది, ఐత్వం విడిపోతుంది, "క్ష" రెండు ముక్కలవుతుంది. సరిచూడకపోతే, సాఫ్ట్‌వేర్ చేసిన తప్పుల్ని మీ పాత అక్షరదోషాల కింద రాసేసుకుంటారు.

వెతకడంలో ఇంకో చిక్కు ఉంది. ఫైలులో "యొక్క" ఎన్నిసార్లు వచ్చిందో కంప్యూటరుతో వెతికితే సరిగానే చెబుతుంది. "అసైన్‌మెంట్" లాంటి మాటల్లో మాత్రం న్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు ఉంటుంది. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే, చూడ్డానికి ఒకేలా ఉన్నా కంప్యూటరుకి రెండు వేరే మాటలు. "ై" కూడా ఒక్క గుర్తుగా టైపు చేయొచ్చు, "ె" కింద ఇంకో ముక్క చేర్చీ చేయొచ్చు. అందుకే 200 పదాల నమూనాకి కంటితో లెక్కే నమ్మకం.

ఫోనులో రాసినవి నమూనాగా వాడకండి. కీబోర్డు తనంతట తాను మాట మార్చేస్తుంది, మీకు తెలియని వర్ణక్రమం కూడా ఒప్పుగా పడిపోతుంది. నోటితో చెప్పి టైపు చేయించిన దాంట్లో విరామచిహ్నాలు సరిగా ఉండవు కాబట్టి వాక్యాల లెక్క తేలదు.

చాక్‌పీసు, అరండల్‌పేట

మీ నోటుపుస్తకాల్లో గైడు మాటలు ఏవో, సొంత మాటలు ఏవో తేలకపోతే, ఆనాటి పాఠ్యపుస్తకం, గైడు దొరికితే పక్కన పెట్టి చూడండి. బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు ఉన్నాయి కదా, అక్కడ అడిగి చూడండి. సెమిస్టరు గడువు జనవరి దాటి ఉంటే పుస్తక మహోత్సవంలో కూడా పాత పుస్తకాల స్టాళ్ళు తిరగండి. దొరక్కపోతే ఒక గుర్తు చెబుతాను: అప్పటి మీ వయసు పిల్లలు ఎవరూ నోటితో అనని సమాసం, అదీ తప్పు లేకుండా రాసి ఉంటే, అది గైడుదని అనుమానించండి. దాని తర్వాతి వాక్యంలో తప్పు కనిపిస్తే అక్కడినుంచి మీ రాత మొదలైనట్టు.

మళ్ళీబడి, గుంటూరు

చివరి సందేహం. ఇంకా తేరుకోని లోపం అన్నారు కదా. నా కొత్త అసైన్‌మెంట్లలో ప్రతి పేరా చివర "అందువల్ల మనకు తెలిసేదేమిటంటే" అని ఒక వాక్యం వస్తోంది. ఇది చెప్పుకోదగ్గ లోపమేనా, మరీ చిన్నదా?

కాలువగట్టు, విజయవాడ

భేషైన లోపం, అదే పెట్టండి. నివేదికల్లో ప్రతి పేరా చివర తీర్మానం రాయాలనే అలవాటు వ్యాసంలోకి వచ్చినట్టుంది, కాబట్టి చాక్‌పీసు గారు అడిగిన కారణం కూడా మీ చేతిలోనే ఉంది. అలాంటి పేరాలు మూడు తీసుకుని చివరి వాక్యం కొట్టేసి చూడండి. పేరా నిలబడితే ఆ వాక్యం దండగ. నిలబడకపోతే పైన చెప్పాల్సిందేదో చెప్పకుండా ఆ వాక్యం మీద వేశారన్నమాట, అప్పుడు దిద్దాల్సింది పైన. మూడింటిలో ఏది ఎలా తేలిందో రాస్తే మీ 300 పదాలు అయిపోతాయి.

ప్రూఫుల బల్ల, విజయవాడ

దిద్దిన నమూనాల మీద రంగు పెన్ను గుర్తులు అలాగే ఉంచి జతచేయండి, శుభ్రంగా తిరగరాయొద్దు. ఏ రంగు దేనికో మొదటి నమూనా పైన రాయండి. నమూనాలకి అ, ఆ, ఇ అని గుర్తులు పెట్టి, వ్యాసంలో వాక్యం ఎత్తిచూపినప్పుడల్లా ఆ గుర్తు, పంక్తి సంఖ్య వేయండి. జిరాక్సు నలుపు తెలుపుల్లో తీస్తే రంగులన్నీ ఒకేలా వస్తాయి కాబట్టి, ఇచ్చేముందు మీ దగ్గర ఉంచుకునే నకలు రంగుల్లో తీయించుకోండి.